సొంతంగా చెట్ల పని చేసేవాళ్ళకి ఐఎస్ఏ ఆర్బరిస్ట్ సర్టిఫికెట్: అనుభవం ఎలా చూపించాలి, ఏం చదవాలి?

విజయనగరం_కొమ్మ:

అందరికీ నమస్కారం. విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం చుట్టుపక్కల నాలుగేళ్ళుగా సొంతంగా చెట్ల పని చేస్తున్నాను. ఇళ్ళ మీదికి వాలిన కొమ్మలు తీయడం, పడేలా ఉన్న చెట్లని ముక్కలుగా దించడం, అపార్టుమెంట్లలో కొమ్మల కత్తిరింపు. సీజన్లో కొబ్బరి దింపు కూడా ఉంటుంది. ఐఎస్ఏ (ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్) ఇచ్చే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్, అంటే చెట్ల సంరక్షణ నిపుణుడి పరీక్ష రాద్దామనుకుంటున్నాను.

ఉద్యోగం కాదు కాబట్టి జీతం చీటీలు, కంపెనీ లెటర్లు ఏవీ లేవు. మరి అనుభవం ఎలా రుజువు చెయ్యాలి? ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయడమే కష్టం. ఏది ముందు చదవాలి? ఇంకోటి, ఈ సర్టిఫికెట్ ఉంటే చెట్టు కొట్టడానికి పర్మిషన్లు, కరెంటు వైర్ల దగ్గర పనులు సులువవుతాయా?

బొబ్బిలి_మామిడి:

తమ్ముడూ, రుజువు సంగతి ముందు చూసుకో. చాలామంది ఆగిపోయేది అక్కడే.

నిబంధన ప్రకారం చెట్ల సంరక్షణలో మూడేళ్ళ పూర్తికాల అనుభవం ఉండాలి. సంబంధిత సబ్జెక్టులో రెండేళ్ళ డిగ్రీ ఉంటే రెండేళ్ళు, నాలుగేళ్ళ డిగ్రీ ఉంటే ఒక ఏడాది సరిపోతుంది. సొంత పని వాళ్ళ దగ్గర జీతం చీటీ ఉండదని వాళ్ళకీ తెలుసు. అందుకే బిల్లులు, పని ఒప్పందాలు, వ్యాపార రిజిస్ట్రేషన్, పని చేయించుకున్నవాళ్ళ లెటర్లు చూస్తారు.

రిజిస్ట్రేషన్‌కి ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) చేయించు. ఆధార్‌తో ఆన్‌లైన్లో ఉచితంగా అవుతుంది, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. పని కోడ్ అడిగిన చోట 81300 పెట్టు, తోటలూ చెట్లూ చూసే పనులకి అదే.

బిల్లు మీద ‘చెట్టు పని – 3,500’ అని రాస్తే ఎందుకూ పనికిరాదు. తేదీ, ఊరు, చెట్టు పేరు, చుట్టుకొలత, చేసిన పని, పట్టిన గంటలు, ఎంతమంది పనిచేశారు, ఇవన్నీ రాయాలి. ‘వేప, చుట్టుకొలత 157 సెం.మీ., ఎండు కొమ్మలు తీత, డాబా వైపు రెండు కొమ్మల కుదింపు, ఇద్దరు, 5 గంటలు’ ఇలా ఉండాలి. పనికి ముందు ఒక ఫోటో, తర్వాత ఒకటి అదే చోటు నుంచి తియ్యి. పాత పనులకి ఫోనులో ఉన్న ఫోటోల తేదీలు, ఫోన్‌పే చెల్లింపులు కలిపి నెలవారీ పట్టిక తయారు చెయ్యి. చెయ్యని పని మాత్రం ఒక్కటీ రాయకు. దరఖాస్తుతో పాటు నీతి నియమావళి మీద సంతకం పెట్టాలి.

కొబ్బరి దింపు గంటలు ఇందులో కలపకు. వాళ్ళు లెక్కించేది కత్తిరింపు, నాటడం, నిలదొక్కించడం, తెగులు గుర్తించి వైద్యం చెయ్యడం, బలహీనమైన కొమ్మలకి కేబుల్ కట్టడం, చెట్టెక్కి చేసే సంరక్షణ పనులు. కాయలు దింపడం కోత పని. సరుగుడు, నీలగిరి తోటలు నరికించడం కూడా అంతే. దింపుతో పాటు మొవ్వు శుభ్రం చేసి కొమ్ము పురుగుకి మందు పెడితే ఆ వైద్యం గంటలు విడిగా రాసుకో.

లెటర్లు మూడు నాలుగు చాలు గానీ రకరకాల చోట్ల నుంచి తీసుకో. అపార్టుమెంటు సంఘం, స్కూలు, గుడి కమిటీ, తోట రైతు. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ పనులు, వాళ్ళ ఫోన్ నంబరు, ఇవన్నీ ఇంగ్లీషులో ఉండాలి.

చివరిగా, దరఖాస్తులో పేరు నీ గుర్తింపు కార్డు మీద ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. మనకి ఒక కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఇంకో దాని మీద పూర్తిగానూ ఉంటుంది. పరీక్ష రోజు గుమ్మం దగ్గర పంపేసేది దీనికే.

టెక్కలి_రంపం:

పరీక్ష కంప్యూటర్ మీద, పియర్సన్ వీయూఈ అనే పరీక్షల సంస్థ సెంటర్లలో జరుగుతుంది. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడమే, రాయడం ఉండదు కాబట్టి ఆ భయం వదిలెయ్యండి. పది విభాగాలు: నేల, చెట్టు గుర్తింపు–ఎంపిక, నాటడం, భద్రత, చెట్టు జీవశాస్త్రం, కత్తిరింపు, తెగుళ్ళ నిర్ధారణ, పట్టణ వనాలు, నిర్మాణ పనుల్లో చెట్టు రక్షణ, ప్రమాద అంచనా.

జీవశాస్త్రంతో మొదలుపెట్టండి. అది పట్టుబడితే కత్తిరింపు, తెగుళ్ళు, ప్రమాద అంచనా సగం వచ్చేసినట్టే. బాగా ఎక్కగలిగిన వాళ్ళు తప్పేదీ ఇక్కడే. ఎలా కొయ్యాలో చేతికి తెలుసు, కానీ ఎందుకలా అని అడుగుతారు.

మన దగ్గర కొమ్మని కాండానికి ఆనించి నున్నగా కోస్తే మంచి పనివాడంటారు. పరీక్షలో అది తప్పు, చెట్టుకీ చేటే. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఒక మెడ ఉంటుంది. కుళ్ళు లోపలికి రాకుండా అడ్డుకట్ట వేసే కణజాలం అందులోనే ఉంది. అలెక్స్ షైగో అనే అమెరికా అటవీ శాస్త్రవేత్త వేల చెట్లు నిలువునా చీల్చి చూసి చెప్పిన మాట: చెట్టు గాయాన్ని మాన్పుకోదు, గోడలు కట్టి లోపలే మూసేస్తుంది. నాలుగు గోడలు. కిందికీ పైకీ పాకకుండా ఆపేది అన్నిటికన్నా బలహీనం, గాయం తర్వాత కొత్తగా పెరిగిన చెక్క అంచున ఏర్పడేది బలమైనది. మెడ కోసేస్తే మొదటి కట్టే తెగిపోయినట్టు. కోత మీద తారు, పెయింటు, పేడ పూస్తే కుళ్ళు ఆగదు.

మూడు కోతల పద్ధతి కొలతలతో సహా నేర్చుకోండి. మొదటిది కాండానికి అడుగు నుంచి అడుగున్నర దూరంలో, కొమ్మ కింది నుంచి పైకి, మందంలో మూడో వంతు. రెండోది దానికి రెండు మూడు అంగుళాలు బయటగా పై నుంచి. కొమ్మ బరువుకి బెరడు చీరుకొచ్చినా మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. మూడోది మిగిలిన మోడుని మెడకి బయటగా తియ్యడం. మొదటి కోత మానేస్తే బెరడు కాండం పొడుగునా లేచిపోతుంది. మునగ, తురాయి లాంటి మెత్తటి చెట్లకి మరీను.

తుపాను సీజనుకి ముందు తలలు కొట్టించే అలవాటు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బాగా ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూశాక భయం పెరిగింది, అర్థం చేసుకోగలం. కానీ తల కొట్టిన చోట గుబురుగా వచ్చే చిగుళ్ళకి లోపలి చెక్కలో పట్టు ఉండదు. అవి బరువెక్కేసరికి కింద మోడు కుళ్ళుతుంటుంది, గాలికి మొదట విరిగేవి అవే. ఎత్తు తగ్గించాలంటే పక్క కొమ్మ దాకా కుదించాలి. ఆ పక్క కొమ్మ మందం, తీసేసిన దాని మందంలో కనీసం మూడో వంతు ఉండాలి. ఏడాదిలో పావు వంతు ఆకు మించి తియ్యకండి.

ఉద్దానం కొబ్బరి వాళ్ళకి ఒక మాట. కొబ్బరి ఏకదళ బీజం, మానుకి పక్కకి పెరిగే పొర లేదు. ఎక్కడానికి మెట్లుగా కొట్టిన గాట్లు జీవితాంతం అలాగే ఉంటాయి. తాటి, ఈత జాతుల మీద కూడా పరీక్షలో ప్రశ్నలు వస్తాయి.

నరసన్నపేట_లైను:

మూడో ప్రశ్నకి జవాబు: కావు. చెట్టు నరకడానికి అనుమతి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద స్థలం యజమాని అడిగి తీసుకోవాలి. సర్టిఫికెట్ దానికి బదులు కాదు. మీరు రాసిచ్చే పరిశీలన నివేదిక ఆ దరఖాస్తుకి బలం ఇస్తుంది, అంతవరకే.

వైర్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. లైను పనికి శిక్షణ లేని మనిషి 50 కేవీ దాకా ఉన్న వైర్లకి 10 అడుగుల లోపలికి వెళ్ళకూడదని అమెరికా భద్రతా ప్రమాణం చెప్తోంది, పరీక్షలోనూ అదే అడుగుతారు. ఆ 10 అడుగులు మనిషికే కాదు, చేతిలో రంపానికీ, తాడుకీ, పడే కొమ్మకీ. మన వీధుల్లో 11 కేవీ లైను కొమ్మల మధ్యలోంచే పోతుంది కాబట్టి మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకి ముందే చెప్పి లైన్ క్లియర్ (ఎల్‌సీ), అంటే పని అయ్యేదాకా లైను ఆపి ఉంచే అనుమతి అడగాలి. ఎల్‌సీ తీసుకునేది డిపార్టుమెంటు మనిషే, మనం కాదు. ఫీడర్ ఆపితే సరిపోదు, పని చోటుకి రెండు వైపులా ఎర్త్ కట్టారో లేదో కళ్ళతో చూశాకే చెట్టెక్కండి. ఎవరింట్లోనో జనరేటరు తప్పుగా కలిపి ఉంటే ఆపిన లైనులోకి వెనక నుంచి కరెంటు వస్తుంది. ‘ఫోన్లో చెప్పారు, ఆపేశారంట’ అన్న మాట నమ్మి ఎక్కొద్దు బావూ.

గాలికి పడిన చెట్ల మీద కూడా ప్రశ్నలుంటాయి. వంగి ఉన్న కొమ్మకి నొక్కుకున్న వైపు (వంపు లోపలి వైపు) ముందు మూడో వంతు దాకా కోసి, తర్వాత లాగబడిన వైపు (వంపు బయటి వైపు) కొయ్యాలి. తలకిందులు చేస్తే కొమ్మ చీలి రంపంతో సహా మీదికి ఎగురుతుంది. వేళ్ళతో లేచిన చెట్టు మొదలు కోస్తే మట్టి పెళ్ళ వెనక్కి గుంటలో కూలబడొచ్చు, ఆ వైపు ఎవరినీ నిలబెట్టకండి.

విజయనగరం_కొమ్మ:

చాలా థాంక్స్. కొత్త బిల్లు పుస్తకం రేపే అచ్చుకిస్తాను. నిర్మాణ పనుల్లో చెట్టు రక్షణ అన్నారు కదా, అది అస్సలు తెలియదు. ఒక స్కూల్లో పెద్ద నిద్రగన్నేరు పక్కన కాలువ తవ్వుతామంటున్నారు. ఎంత దూరం వదలమని చెప్పాలి?

టెక్కలి_రంపం:

నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసి 3.14తో భాగించండి, వ్యాసం వస్తుంది. ప్రతి అంగుళం వ్యాసానికి కాండం నుంచి అడుగు దూరం వదలాలి. చుట్టుకొలత 240 సెం.మీ. ఉంటే వ్యాసం 76 సెం.మీ., అంటే 30 అంగుళాలు, కాబట్టి చుట్టూ 30 అడుగులు. అంత చోటు లేకపోతే తెరిచి తవ్వకుండా వేళ్ళ కింద నుంచి పైపు దూర్చమనండి. తవ్వక తప్పదంటే ఆ మేర పలుగు, పారతో చేత్తోనే తవ్వాలి. అడ్డొచ్చిన వేరుని జేసీబీతో లాగించకుండా పదునైన రంపంతో నున్నగా కోసి, వెంటనే తడి గోనె కప్పి అదే రోజు మట్టి పూడ్చమనండి. తవ్విన మట్టి చెట్టు మొదట్లో పొయ్యనివ్వకండి. వేళ్ళకి గాలి అందక చెట్టు నెమ్మదిగా ఎండుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

బొబ్బిలి_మామిడి:

స్కూలుకి ఇచ్చే ఆ సలహాని కొలతలతో ఒక పేజీ రాసి, సంతకంతో ఇచ్చి, నకలు ఉంచుకో తమ్ముడూ. అదీ అనుభవం కాగితమే. పాసయ్యాక మూడేళ్ళకోసారి 30 చదువు యూనిట్లు (శిక్షణలకి హాజరైతే వచ్చేవి) చూపిస్తే సర్టిఫికెట్ కొనసాగుతుంది. వాటి కాగితాలు కూడా ఆ ఫైల్లోనే దాచు.