‘ఇండియన్ పిట్టా’: ఆ చివరి దీర్ఘం ఎక్కడిది?

ప్రశ్న: పక్షుల వార్తల్లో ‘ఇండియన్ పిట్టా’ అని దీర్ఘం తీసి రాస్తున్నారు. ఇది మన పిట్టేనా? లేక ఆయుర్వేదంలోని పిత్తంతో ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: మన పిట్టే. 1816లో వియ్యో అనే ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త ఈ పక్షుల ప్రజాతికి (జీనస్‌కి) పేరు పెడుతూ తెలుగు మాటనే వాడాడు. పిత్తాన్నీ ఇంగ్లీషులో అవే అక్షరాలతో రాస్తారు కనుక అనుమానం వస్తుంది, అంతే, చుట్టరికం లేదు. దీర్ఘం మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగు చివరనున్న ‘ఏ’ని చూసి తిరిగి తెలుగులో రాసుకోవడంతో వచ్చింది. పందికొక్కు కూడా ‘బాండికూట్’ అయి ఇంగ్లీషులోకి వెళ్లింది. అలాగని ఇంట్లో దూరిన పందికొక్కుని మనమెవరమూ బాండికూట్ అనం కదా!

మరొకరు: ఆ పక్షికి మనకు విడిగా పేరుంది: పొన్నంగి పిట్ట. పొన్నంకి అని రాసేవారూ ఉన్నారు. జానెడు కూడా ఉండదు, బరువు యాభై అరవై గ్రాములు. ఆకుపచ్చ వీపు, గోధుమవన్నె పొట్ట, కంటిమీదుగా నల్లపట్టీ, తెల్లటి గొంతు, రెక్కమీద మెరిసే నీలం, మొండితోక కింద ఎరుపు. హిందీవాళ్లు ‘నవరంగ్’ అనేది ఇందుకే. ఇన్ని రంగులున్నా అడవిలో ఓ పట్టాన కంటపడదు. పొదల నీడలో నేలమీద గెంతుతూ, రాలిన ఆకుల్ని ముక్కుతో పక్కకి తోసి పురుగుల్నీ వానపాముల్నీ ఏరుకుంటుంది. ఎండుటాకులు ఊడ్చేసిన తోటలో దానికి తిండి దొరకదు. దాన్ని పట్టించేది కూతే: రెండు స్వరాల గట్టి ఈల, ఎక్కువగా తెల్లవారుజామునా మునిమాపునా. ఒకటి మొదలుపెడితే చుట్టుపక్కలవి అందుకుంటాయి. తమిళంలో ‘ఆరుమణి కురువి’, అంటే ఆరుగంటల పిట్ట. ‘పిట్ట కొంచెం కూత ఘనం’ అనే సామెతకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వానాకాలంలో హిమాలయ పాదాల నుంచి మధ్యభారతం దాకా గూళ్లు కడుతుంది. గడ్డి, ఆకులు, పుల్లలతో గుండ్రటి గూడు, పక్కన ద్వారం, నాలుగైదు గుడ్లు. చలికాలం దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ. వలస దారిలో అలసి ఒక్కోసారి ఇళ్లలోకి వచ్చేస్తుంది.

ఇంకొకరు: ఒక సవరణ. ‘పిట్ట అంటే చిన్న పక్షి’ అని నిఘంటువులు చెప్పేది చాలావరకు నిజమే గానీ, పది కిలోలు దాటే బట్టమేక అనే పెద్ద పక్షినీ పిట్టే అంటాం. కాబట్టి పరిమాణంతో నిర్వచనం తేలదు.

అసలు చిక్కు అనువాదంలో. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా, ఇంగ్లీషులో పిట్టా అనే ఈ పక్షుల కుటుంబంలో నలభైకి పైగా జాతులున్నాయి. ‘పిట్టల కుటుంబం’ అని రాస్తే చదివేవాడికి పాలపిట్ట, లకుముకిపిట్ట కూడా గుర్తొస్తాయి. ‘పిట్టా పక్షులు’ అంటే సందేహం తీరుతుంది గానీ చెవికి ఎబ్బెట్టు. నా ఓటు ‘పొన్నంగులు’కి: కుటుంబం మొత్తానికి అది, మన జాతికి పొన్నంగి పిట్ట. శాస్త్రనామం రాయాల్సి వస్తే ‘పిట్ట బ్రాకియూరా’ అని మొదటి మాట హ్రస్వంగానే ఉంచవచ్చు. రెండోది గ్రీకు, పొట్టితోకది అని అర్థం.

ప్రశ్న అడిగినవారు: మరి ‘ఎరిత్రోపిట్ట’ అని ఇంకో ప్రజాతి కనిపిస్తోందే?

జవాబు: అది గ్రీకు ‘ఎరుపు’కి తెలుగు పిట్టను అతికించినది. అక్కడా హ్రస్వమే రాయండి.