తల్లికి వందనం సరే, బడి ఈడు రాని పిల్లల సంగతేంటి?

యార్డు పక్కవాణ్ణి (గుంటూరు)
మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకాయన "పిల్లలకి ప్రభుత్వం ఇంతకంటే ఏం చేస్తుంది?" అంటూ మన రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం లెక్క పెట్టాడు. 2025 జూన్ నుంచి ఇస్తున్నారు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ తలా 15,000. బడి నిర్వహణకి 2,000 పోను తల్లి ఖాతాలో 13,000. మంచిదే, కాదనను. ఒకటో తరగతి దాకా ఆ పిల్ల ఎక్కడుందన్నదే నా గొడవ.

సీజన్లో మిర్చి యార్డు వైపు రండి. పట్టా మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమలు తీస్తుంటారు, తాలుకాయలు ఏరుతుంటారు. పక్కనే చీర ఉయ్యాల. పిల్లాడు కళ్లు నులుముకుంటే తల్లి చేత్తో తుడవదు, మోచేత్తో తుడుస్తుంది. వేళ్లకి కారం కదా. అంగన్‌వాడీలో వదలొచ్చుగా అన్నాను. "నాలుగింటికి పంపించేస్తారయ్యా, మేం దిగేసరికి ఆరు" అంది. కొత్తగా పెంచే డబ్బేదైనా ముందు ఆరేళ్లలోపు వాళ్లకే పెట్టాలంటాను.

బ్రాడీపేట
ఎప్పుడు చూసినా ఆ 13,000 మీదే పడతారేంటండీ! మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఇద్దరు పిల్లలకీ కలిపి 26,000 పడ్డాయి. ఆటో బాకీ తీర్చింది, తాకట్టులో ఉన్న గొలుసు విడిపించుకుంది. గొలుసుకీ చదువుకీ ఏంటి సంబంధం అంటారేమో. పోయినేడు ఫీజు కోసమే తాకట్టు పెట్టింది. ఖాతాలో డబ్బు పడితే మధ్యలో కాంట్రాక్టరు ఉండడు. అంగన్‌వాడీ గుడ్డు పిల్లాడి చేతికొచ్చేసరికి గోలీకాయంత అవుతుంది.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
గుడ్డు సైజు సరే, దాని వెనకున్న రేటు చూడండి. ఆరేళ్లలోపు పిల్లకి అంగన్‌వాడీ తిండి కింద కేంద్రం పెట్టిన లెక్క రోజుకి 8 రూపాయలు, ఏడాదికి 300 రోజులు. అంటే 2,400. అందులో సగం కేంద్రం, సగం రాష్ట్రం. మన రాష్ట్రం పైన మరికొంత కలుపుతోంది, నిజమే. అయినా ఆ 13,000 పక్కన పెట్టి చూడండి. మూడేళ్లవాడి తల్లికి ఓటు లేదా, లేక ఆమె ఖాతా నంబరు ఎవరికీ దొరకలేదా?

బ్రాడీపేట
మాస్టారూ, అది తిండి ఖర్చొక్కటే. టీచర్ల జీతాలు, అద్దెలు వదిలేసి లెక్క కడితే ఎలా?

అంగన్‌వాడీ టీచర్ (విజయవాడ)
జీతం కాదు సార్, గౌరవ వేతనం. పేరులోనే ఉంది మర్యాదంతా. 2019లో మాకు 11,500, ఆయాలకి 7,000 చేశారు. పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని 2023 డిసెంబరు 12న సమ్మెకి దిగితే 42 రోజులు రోడ్డు మీదున్నాం. మధ్యలో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు.

మా సెంటర్ సింగ్ నగర్‌లో ఒక అద్దె గది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు పిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్లు, చార్టులు, తూకం మిషను అన్నీ నీళ్లలోనే. బురద నేనూ ఆయమ్మా ఎత్తిపోశాం. ఇప్పుడు పొద్దున్నే ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్ తెరిచి, రేషన్ తీసుకునే తల్లి ముఖం ఫోనుకి చూపించాలి. నెట్ తిరుగుతూనే ఉంటుంది, లోపల పిల్లలు పప్పు గిన్నెలో చెయ్యి పెట్టేస్తారు. ఆరింటిదాకా తెరవమనడం తేలికే అన్నా. ఆ రెండు గంటలు ఎవరు చూస్తారు, ఏం ఇస్తారు?

యార్డు పక్కవాణ్ణి
మేడమ్, టైం పెంచి అది మీ నెత్తినే వెయ్యాలని కాదు. కేంద్రం పాల్నా పథకంలో అంగన్‌వాడీలోనే క్రెచ్ (తల్లి పనికెళితే పసివాళ్లని చూసుకునే చోటు) నడపొచ్చు, దానికి మనుషుల్ని విడిగా పెట్టుకోవచ్చు. ఖర్చులో 60 శాతం కేంద్రానిది. యార్డు చుట్టూ, కోల్డ్ స్టోరేజీల దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా అలాంటివి నాలుగు పెట్టినా చాలు.

బ్రాడీపేట
క్రెచ్ అయితే నాకూ సమ్మతమే. 13,000లో కోసి పెడతామంటే మాత్రం ఒప్పుకోను. రోడ్డుకి మళ్లీ మళ్లీ తారు పోస్తారే, ఆ పద్దులోంచి తియ్యండి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
తారు జోలికెళితే కాంట్రాక్టర్లు ఊరుకుంటారా!

అంగన్‌వాడీ టీచర్ (విజయవాడ)
అన్నా, క్రెచ్ అడిగేటప్పుడు ఉయ్యాలలతో పాటు కుళాయి కూడా రాయించండి. కారం చేతులు కడుక్కున్నాకే కదా తల్లి బిడ్డనెత్తుకునేది.