లాక్ చేసిన కారు డిక్కీలోంచి నగల బ్యాగ్ పోయింది, అద్దం పగల్లేదు, ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోవట్లేదు

అర్ధరాత్రి_సూర్యుడు అడిగారు:

అందరికీ నమస్తే. బుర్ర పనిచేయట్లేదు, తెలిసినవాళ్లెవరైనా కాస్త చెప్పండి. శనివారం సాయంత్రం ఒక ఫంక్షన్ నుంచి ఇంటికి వస్తూ దార్లో హోటల్ దగ్గర ఆగాం, ఓపెన్ పార్కింగే, గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్నాడు, కెమెరాలూ ఉన్నాయి. మా ఆవిడ నగలన్నీ తీసేసి చిన్న బ్యాగ్‌లో పెట్టుకుంది (వాళ్లమ్మ ఇచ్చిన పాత రాళ్ల హారం, గాజులు, డైమండ్ దిద్దులు), హోటల్లోకి మోసుకెళ్లడం ఎందుకని అది డిక్కీలో పెట్టి కారు లాక్ చేసి లోపలికెళ్లాం. తిరిగొచ్చి ఇంటికెళ్లి డిక్కీ తీస్తే బ్యాగ్ లేదు. అద్దం పగల్లేదు, లాక్ మీద గీత కూడా లేదు, అలారం మోగలేదు. విచిత్రం ఏంటంటే వెనక సీట్లో లాప్‌టాప్ బ్యాగ్ అలాగే ఉంది, దాన్ని ముట్టుకోను కూడా లేదు.

పోలీస్ కంప్లైంట్ ఇచ్చాం. ఇంటి ఇన్సూరెన్స్‌లో విలువైన వస్తువుల కవర్ ఉంది కదా అని ఫోన్ చేస్తే, బలవంతంగా తెరిచిన ఆనవాళ్లు లేవు కాబట్టి క్లెయిమ్ కష్టం అంటున్నాడు. అసలు కారు ఎలా తెరిచారు, పోలీసులకి ఇంకా ఏం ఇవ్వాలి, ఈ ఇన్సూరెన్స్ సంగతి ఏంటి?

బుల్లెట్_రాజు:

బంగారం డిక్కీలో పెట్టి తినడానికి వెళ్లడం ఏంటి సామీ 🙏 డిక్కీ ఏమన్నా బ్యాంక్ లాకరా

వెన్నెల_గోదారి:

రాజు గారూ పోయినవాళ్లకి ఆ ముక్క మీరు చెప్తేగానీ తెలీదా. ఆయన ఎలా పోయిందని అడిగారు, ఎందుకు పెట్టానని కాదు. తెలిస్తే చెప్పండి లేకపోతే ఊరుకోండి.

స్పానర్_బాబాయ్:

కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను, నాకు తెలిసింది చెప్తా. అద్దం పగలకుండా తెరిచారంటే ఎక్కువగా రెండే దారులు.

ఒకటి జామర్. మీరు రిమోట్ బటన్ నొక్కినప్పుడు అది 433 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపుతుంది (అమెరికా, జపాన్ వైపు కార్లకి 315). పక్కన ఎవడో అదే ఫ్రీక్వెన్సీ మీద చెత్త సిగ్నల్ వదిలాడనుకోండి, మీ లాక్ మాట కారుకి వినపడదు. మీరు నొక్కాననుకుని వెళ్లిపోతారు, కారు లాకే అవ్వదు. వాడు చేయాల్సింది డోర్ తీయడమే.

రెండోది రిలే. ఇది కీ జేబులో ఉండగానే హ్యాండిల్ పట్టుకుంటే తెరుచుకునే కార్లకి. అలాంటి కారు హ్యాండిల్ ముట్టుకోగానే 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న సిగ్నల్ వదులుతుంది, అది ఒకటి రెండు మీటర్లు దాటి వెళ్లదు, ఆ దూరంలో కీ ఉంటే అది జవాబిస్తుంది. దొంగలు ఇద్దరు ఉంటారు, ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ పక్క టేబుల్ దగ్గర. వాళ్ల దగ్గరున్న డబ్బాలు ఆ చిన్న సిగ్నల్‌ని సాగదీసి మీ జేబు దాకా తెస్తాయి. కోడ్ ఏమీ బద్దలు కొట్టరు, కారు మాత్రం ఓనరే వచ్చాడనుకుంటుంది, అందుకే అలారం మోగదు.

మీ కారు ఏ టైపు? లాక్ చేసినప్పుడు ఇండికేటర్లు వెలిగాయా? సైడ్ అద్దాలు మడుచుకునే మోడలా?

అర్ధరాత్రి_సూర్యుడు:

కీ జేబులో ఉంటే చాలు తెరుచుకునే కారే బాబాయ్. అద్దాలు మడుచుకుంటాయి కూడా. ఇండికేటర్లు చూశానో లేదో చెప్పలేను, నడుస్తూ నడుస్తూ వెనక నుంచి నొక్కాను. కానీ ఒకటి గుర్తొచ్చింది, తిరిగొచ్చేటప్పుడు అద్దాలు తెరిచే ఉన్నాయి. మా పాపకి ఆ అద్దాలు విప్పుకోవడం చూడటం సరదా, ఆ రోజు దగ్గరికి రాగానే "అమ్మా అద్దాలు ముందే నిద్ర లేచాయి" అంది. అప్పుడు నవ్వుకున్నాం.

స్పానర్_బాబాయ్:

పాప మంచి సాక్షి 👏 అయితే రెండింట్లో ఏదైనా కావచ్చు, జామర్ అయితే అద్దాలు అసలు మడుచుకోలేదు, రిలే అయితే మడుచుకుని వాళ్లు తెరిచాక విప్పుకుని అలాగే ఉండిపోయాయి. తేల్చేది పార్కింగ్ కెమెరా. మీరు లాక్ నొక్కి నడిచి వెళ్లిన ఆ కొన్ని సెకన్లు చూడండి చాలు, ఇండికేటర్ వెలిగి అద్దాలు మడుచుకున్నాయా లేదా. మీ కారుకి ఫోన్ యాప్ ఉంటే అందులో లాక్, అన్‌లాక్ టైములు కొన్ని మోడల్స్‌లో కనపడతాయి, ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పాత ఎంట్రీలు పోతూ ఉంటాయి.

నాలుగో_గేరు:

ఈ రిలే అదీ సినిమా స్టోరీలా ఉంది బ్రో, నగల బ్యాగ్ కోసం ఇద్దరు మనుషులు, డబ్బాలు... వ్యాలెట్ కుర్రాడో సెక్యూరిటీయో చేసి ఉంటాడు, మొదట వాళ్లని పట్టుకోండి

స్పానర్_బాబాయ్:

సినిమా కాదు తమ్ముడూ. 2011లోనే జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ రీసెర్చర్లు ఎనిమిది కంపెనీల పది మోడల్స్ మీద చేసి చూపించారు, అన్నీ తెరుచుకున్నాయి. తర్వాత కొన్ని కంపెనీలు కీ కాసేపు కదలకుండా ఉంటే నిద్రపోయేలా పెట్టాయి, కానీ జేబులో ఉన్న కీ మనిషి కదిలినప్పుడల్లా మేలుకుంటూనే ఉంటుంది కదా. ఇక ఆయన కీ ఎవరికీ ఇచ్చినట్టు చెప్పలేదు, వ్యాలెట్ అని నువ్వే కలిపావు. సాక్ష్యం లేకుండా సెక్యూరిటీ వాడి మీద వేయడం తప్పు, వాడి ఉద్యోగం పోతుంది.

ఎవరైనా సరే, అసలు విషయం లాక్ ఎలా తీశారన్నది కాదు నన్నడిగితే. లాప్‌టాప్ కళ్లెదుట ఉంటే వదిలేసి డిక్కీలో కనపడని బ్యాగ్ తీసుకెళ్లారు. అంటే దాంట్లో ఏముందో వాడికి ముందే తెలుసు. సూర్యుడు గారూ, ఆ బ్యాగ్ డిక్కీలో ఎక్కడ పెట్టారు, బయల్దేరే చోటా, హోటల్ పార్కింగ్‌లోనా?

అర్ధరాత్రి_సూర్యుడు:

హోటల్ పార్కింగ్‌లోనే. దిగాక మా ఆవిడ ముందు సీట్లో కూర్చునే గాజులు తీసి బ్యాగ్‌లో వేసి నాకిచ్చింది, లోపల లైట్ వెలుగుతోంది, నేను వెనక్కి వెళ్లి పెట్టాను.

రాళ్ళపని_వెంకన్న:

నేను నగల వ్యాపారంలోనే ఉన్నాను, స్పానర్ బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దొంగతనం మీరు లోపలికెళ్లాక మొదలవ్వలేదు, లైట్ కింద గాజులు తీసినప్పుడే మొదలైంది. ఇంకా ముందు, ఫంక్షన్ దగ్గర నుంచే వెనక వచ్చినా ఆశ్చర్యం లేదు. సరుకు పట్టుకుని ఊళ్లు తిరిగే మా సేల్స్ వాళ్లకి ఇది రోజూ ఉండే భయం. వెంటపడే వాళ్లు టైరుకి చిన్న గాటు పెడతారు, గాలి మెల్లగా పోతుంది, ఎక్కడో నిర్మానుష్యంగా ఉన్నచోట బండి ఆగుతుంది, సాయం చేస్తామని ఒకడు వస్తాడు, ఆ మాటల్లో ఉండగా రెండోవాడు వెనక డోర్ తీస్తాడు. అందుకే మాలో పాతవాళ్లు బయల్దేరే ముందే డిక్కీ సర్దేస్తారు, దిగిన చోట డిక్కీ జోలికే పోరు. పోలీసులకి హోటల్ ఫుటేజ్ ఒక్కటే కాదు, ఫంక్షన్ జరిగిన చోట గేటు ఫుటేజ్ కూడా తీయమని చెప్పండి, రెండు చోట్లా ఒకే బండి కనిపిస్తే సగం పని అయినట్టే.

ఫుటేజ్ విషయంలో ఆలస్యం చేయొద్దు. రికార్డర్ నిండగానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది, కొన్నిచోట్ల వారం కూడా ఉండదు. మీకు చూపించరు సరే, కనీసం చెరపకుండా దాచిపెట్టమని హోటల్ మేనేజర్‌కి ఇవాళే రాసి ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి.

ఇక నగలు. బంగారం కరిగిస్తే దానికి పేరూ ఊరూ ఉండదు, ముద్ర పోతుంది, బరువే మిగులుతుంది, కాబట్టి గాజుల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, కఠినంగా అన్నా నిజం అదే. రాళ్లు అలా కాదు. దిద్దుల డైమండ్స్‌కి ల్యాబ్ సర్టిఫికెట్ ఉందా చూడండి. చాలా రాళ్లకి నడుము అంచు మీద లేజర్‌తో రిపోర్ట్ నంబర్ చెక్కుతారు, పది రెట్లు పెద్దది చేసే లెన్స్‌లో కనిపిస్తుంది. దాన్ని అరగదీయొచ్చు, కానీ రాయి కొలతలు, లోపలి మచ్చల తీరు రిపోర్ట్‌లో ఉంటాయి. జీఐఏ (డైమండ్స్ పరీక్షించి రిపోర్ట్ ఇచ్చే ల్యాబ్) రిపోర్ట్ అయితే పోలీస్ కంప్లైంట్ కాపీతో పోయిన రాయిగా వాళ్ల దగ్గర నమోదు చేయించొచ్చు, రేపెప్పుడైనా ఎవడైనా మళ్లీ టెస్టింగ్‌కి పంపితే పట్టుబడే అవకాశం ఉంటుంది.

పాత హారానికి బిల్లు ఉండదు కాబట్టి ఫోటోలే ఆధారం. ఆ రోజు ఫంక్షన్‌లో అందరి ఫోన్లలో మీ ఆవిడ ఫోటోలు ఉండే ఉంటాయి, హారం దగ్గరగా పడినవి ఏరండి. కొక్కెం మార్చారా, ఏదైనా రాయి రంగు తేడాగా ఉందా, వెనక ఎక్కడైనా అతుకు వేయించారా, అలాంటివే గుర్తు. కంప్లైంట్‌లో "రాళ్ల హారం 1" అని ఉంటే ఎవరికీ పనికిరాదు.

మందార_తోట:

ఇకముందు అయినా బ్యాగ్‌లో ఎయిర్‌ట్యాగ్ (ఎక్కడుందో ఫోన్‌లో చూపించే చిన్న ట్రాకర్) పడేయండి అందరూ, మా చెల్లెలి సూట్‌కేస్ దాంతోనే దొరికింది

నాలుగో_గేరు:

సూట్‌కేస్‌కి ఓకే అక్కా, దొంగ దగ్గర అంతగా పనిచేయదు. 2024 నుంచి ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండింట్లోనూ తెలియని ట్రాకర్ మీతో పాటు వస్తోందని అలర్ట్ వస్తుంది, ఎవరైనా మనల్ని రహస్యంగా ఫాలో అవకుండా పెట్టిన ఏర్పాటు అది, దొంగకి కూడా అదే అలర్ట్ వెళ్తుంది, తీసి పారేస్తాడు

మందార_తోట:

పారేసే లోపు ఎటు వెళ్లాడో అన్నా తెలుస్తుందిగా తమ్ముడూ, ఏమీ లేనిదానికన్నా నయమే

పాత_సర్వేయర్:

క్లెయిమ్స్ చూసే పనిలో చాలాకాలం ఉన్నాను. ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్.

సూర్యుడు గారూ, కారు పాలసీ వైపు చూడకండి, అది మామూలుగా కారునీ కారుకి బిగించినవాటినీ చూస్తుంది, లోపల పెట్టిన సొంత వస్తువులని కాదు. మీకున్నది ఇంటి పాలసీలో విలువైన వస్తువుల కవర్ కాబట్టి దాని వర్డింగ్ మొత్తం తెప్పించుకోండి, ఏజెంట్ ఇచ్చే రంగురంగుల బ్రోచర్ కాదు. ఇలాంటి కవర్లలో మనిషి లేని వాహనం అని ఒక షరతు ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. కొందరు నగలకి అసలు కవరే లేదంటారు. కొందరు కారు లాక్ అయి ఉండాలి, వస్తువు బయటికి కనపడకూడదు, బలవంతంగా తెరిచిన గుర్తులు ఉండాలి అంటారు. మీకు ఫోన్‌లో చెప్పింది ఈ చివరిదే. ఆ వాక్యం మీ పాలసీలో నిజంగా ఉందా, ఉంటే ఏ మాటల్లో ఉందన్నదే మీ కేసు.

ఇక్కడే చిక్కు ఉంది, స్పానర్ గారు చెప్పిన ఫుటేజ్ రెండువైపులా కోస్తుంది. అద్దాలు మడుచుకున్నాయని కనిపిస్తే, లాక్ చేశారు, ఎవడో పరికరంతో తెరిచాడు, అని గట్టిగా వాదించొచ్చు. మడుచుకోలేదని తేలితే, వాళ్లు వెంటనే అసలు లాకే కాలేదు అంటారు. అలా అని దాన్ని దాచి లాభం లేదు, పోలీసుల దగ్గర ఉన్నది వాళ్లకీ వెళ్తుంది, పైగా మీ మాట ఒకలా ఫుటేజ్ ఒకలా ఉంటే ఉన్న చాన్సూ పోతుంది. తెలిసింది తెలిసినట్టు, గుర్తులేనిది గుర్తులేదని రాయండి. ఇండికేటర్లు చూశానో లేదో చెప్పలేను అని పైన రాశారు కదా, స్టేట్‌మెంట్‌లో కూడా అదే మాట, "ఖచ్చితంగా లాక్ అయింది" అని ఎవరో చెప్పారని మార్చకండి.

ఫోన్‌లో కష్టం అన్నదానికి విలువ లేదు. క్లెయిమ్ రాతపూర్వకంగా పెట్టండి, తిరస్కరిస్తే ఏ క్లాజ్ కింద తిరస్కరించారో లెటర్ అడగండి, పైకి ఫిర్యాదు చేయాల్సి వస్తే అది పనికొస్తుంది.

రాళ్ళపని_వెంకన్న:

సర్వేయర్ గారూ మా వ్యాపారుల పాలసీల్లో ఇంకా ఘోరం. దొంగతనం జరిగిన నిమిషంలో మనిషి వాహనం లోపలో, వాహనం మీదో ఉండాలి అని ఉంటుంది. పెట్రోల్ కొట్టించుకోడానికి దిగి పక్కనే నిలబడినవాడు "మీద" ఉన్నట్టా కాదా అని అమెరికాలో కోర్టుల దాకా వెళ్లారు, ఒక్కో కోర్టు ఒక్కోలా చెప్పింది. అందుకే మావాళ్లు బాత్రూమ్‌కి కూడా బ్యాగ్ పట్టుకునే వెళ్తారు, చూసేవాళ్లకి నవ్వొస్తుంది.

బుల్లెట్_రాజు:

సారీ బ్రదర్, మొదట కాస్త దురుసుగా రాశా. ఒక డౌట్, ఇప్పుడు కారు కడిగించేశారా? డిక్కీ అంచు మీద, వెనక డోర్ మీద వేలిముద్రలు తీయించొచ్చేమో

అర్ధరాత్రి_సూర్యుడు:

పర్లేదు రాజు గారూ. కడగలేదు, కవర్ కప్పి పెట్టాను, పోలీసులు రేపు వస్తామన్నారు. బాబాయ్ చెప్పిన యాప్ చూశాను, అన్‌లాక్ ఎంట్రీలు రెండు ఉన్నాయి, ఒకటి మేం తిరిగొచ్చినప్పటిది, ఇంకొకటి దానికి చాలా ముందు, అప్పుడు మేం లోపల ఆర్డర్ ఇస్తున్నాం! దానికి ముందు లాక్ ఎంట్రీ కూడా ఉంది.

స్పానర్_బాబాయ్:

లాక్ ఎంట్రీ ఉంటే జామర్ కాదు, లాక్ అయింది, తర్వాత ఎవరో తెరిచారు. రిలే అనే నా అనుమానం. ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకండి, కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి రాసి సర్వర్‌లో ఉన్న లాగ్ అధికారికంగా అడగండి, వాళ్లు ఇవ్వం అంటే పోలీసుల చేత అడిగించండి. వాళ్లిచ్చిన పేపర్ మీద టైము, ఏ కీతో తెరిచారన్నది ఉంటే ఇంకా మంచిది. ఉన్న రెండు కీలూ మీ దగ్గరే ఉన్నాయని కూడా చూపించాల్సి వస్తుంది, స్పేర్ కీ ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

పాత_సర్వేయర్:

ఆ లాగ్ చేతికొచ్చాకే క్లెయిమ్ ఫారం నింపండి, కానీ పోయిందన్న సమాచారం మాత్రం ఇవాళే ఈమెయిల్ చేయండి, ఆలస్యం చేశారని ఇంకో సాకు వాళ్లకి ఇవ్వకండి.

అర్ధరాత్రి_సూర్యుడు:

ఈమెయిల్ పంపేశాను. స్పేర్ కీ బీరువాలో ఉంది. హారం ఫోటోలు మా బావమరిది ఫోన్‌లో దొరికాయి, కొక్కెం దగ్గర ఒక ఎర్ర రాయి మార్పించిన చోటు క్లియర్‌గా పడింది. వెంకన్న గారూ, దిద్దుల సర్టిఫికెట్ ఫోటో మెసేజ్ చేస్తున్నా, అందులో నంబర్ ఏదో కాస్త చూసి చెప్పండి.