మండువా లోగిలి స్తంభాలు అడుగున పుచ్చిపోతున్నాయి: తీసేయాలా, అతుకు వేయాలా?

ప్రశ్న
కోనసీమలో పాత మండువా లోగిలి అండి. మండువా (ఇంటి మధ్య పైకప్పు లేని చోటు) చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు, పైన బెంగుళూరు పెంకు. కొన్నేళ్ల కిందట నేల ఆరంగుళాలు ఎత్తు చేసి టైల్స్ వేయించారు. ఇప్పుడు మూడు స్తంభాలు అడుగున మెత్తబడ్డాయి, ఒకదాని మీద చెదమట్టి కనబడుతోంది. ఒక మూల దూలం అరంగుళం దిగింది. చెక్క తీసేసి కాంక్రీటు పిల్లర్లు పోద్దామంటున్నారు మేస్త్రి గారు. ఉన్నది నిలబెట్టే దారి ఉందా? ఇంటి వయసు ఎలా తెలుస్తుంది?

జవాబు 1
పిల్లర్లు మాత్రం పోయించకండి. మండువా వైపు కప్పు బరువంతా మోసేది ఆ స్తంభాలే. స్తంభం నెత్తిన కుసి (బెజ్జంలో దిగేలా సన్నగా చెక్కిన కొస), దూలంలో బెజ్జం, అడ్డంగా చెక్క చీల: ఈ కూర్పు గాలికీ బరువుకూ కాస్త కదిలి సర్దుకుంటుంది. మధ్యలో కదలని పిల్లరు వస్తే ఆ ఒత్తిడి పక్క అతుకుల మీద పడి, దూలం చివర చీలుతుంది.

పుచ్చడానికి కారణం నేల ఎత్తు చేయడమే. పాత వడ్రంగులు స్తంభాన్ని రాతి పీట మీద నిలబెట్టింది అడుగు తడవకూడదనే. మీ టైల్స్ కింద ఆ పీట పూడిపోయి ఉంటుంది. టైల్స్ కింది సిమెంటు పట్టుకున్న చెమ్మను కర్ర అడుగు పీల్చుకుంటుంది, ఆరే దారి లేదు. ఆ చెమ్మ వెంటే చెద వచ్చింది.

ముందు పుచ్చు ఎంత ఎత్తుకు పాకిందో చూడండి. సన్న స్క్రూడ్రైవరుతో అంగుళానికొక చోట గుచ్చుకుంటూ పైకి వెళ్లండి. చేవ గట్టిగా ఉన్న చోట మొన రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. అక్కణ్నుంచి ఇంకో ఆరంగుళాలు పైన కోత గీత పెట్టండి.

పని వరస ఇదీ. ఆ స్తంభం మోసే కప్పు మేర పెంకు దించేయండి. వంద చదరపు అడుగులకు దాదాపు 150 పెంకులు పడతాయి, అంటే మూడు క్వింటాళ్ల పైమాటే. తరవాత స్తంభానికి రెండు పక్కలా అడుగు దూరంలో దన్ను పెట్టి, కింద రెండంగుళాల మందం పలక వేసి స్క్రూ జాకీ బిగించండి. దూలం రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ లేపొద్దు. దిగిన అరంగుళం ఒక్కరోజులో ఎత్తబోతే చీలలు విరుగుతాయి. చిటపట చప్పుడు వినిపిస్తే అక్కడే ఆపేయండి.

పుచ్చిన ముక్క కోసి, ఆరంగుళాల స్తంభమైతే పద్దెనిమిది అంగుళాల పొడవున సగం సగం చెక్కి అతకాలి. 12 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు రెండు, తలలు లోపలికి దించి పైన చెక్క బిరడాలు. ముక్క కోసం పాత కర్ర అమ్మే అడితిలో ఆరిన టేకు వెతకండి. పచ్చి కర్ర వేస్తే ఆరాక కుంచించుకుని అతుకు వదులవుతుంది. కింద పూడిన పీట మీద ఇంకో రాయి పెట్టి, అడుగు ఇప్పటి నేల కంటే కనీసం రెండంగుళాలు పైకి ఉండేలా చూడండి. టైల్సును రాయికి అంగుళం దూరంలో ఆపేయండి. ఆ సందులో సిమెంటు కుక్కనివ్వద్దు.

జవాబు 2
చెద సంగతి. కర్రకు మందు రాస్తే సరిపోదు, అది నేలలోంచి వస్తుంది. గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. బెజ్జాలు వేసి, బెజ్జానికి లీటరు మించకుండా మందు నీళ్లు పోస్తారు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం దొరుకుతుంది, లీటరు నీటికి 2.1 మి.లీ. బావి పక్కనుంటే ఆ వైపు పోయించకండి. మట్టి దారులు ముందే గీకేయకండి, ఎక్కణ్నుంచి ఎక్కుతోందో చూపించేవి అవే.

జవాబు 3
తూము కూడా చూడండి. చాలా ఊళ్లలో సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తూ వీధి ఎత్తు పెరిగింది. మండువా నీళ్లు బయటికి పోవాల్సింది పోయి ఎదురు తంతాయి. తూము బయటి మూతి రోడ్డు కంటే కిందికి ఉంటే, ఇంటి ఆవరణలోనే ఇంకుడు గుంట తవ్వి అక్కడికి మళ్లించండి. నాలుగు మూలల్లో వాలులు కలిసే చోట రేకు చిల్లు పడిందా లేదా వాన రోజు అటకెక్కి చూడాలి. మూల దూలం దిగడానికి అదే కారణం కావచ్చు.

జవాబు 4
వయసు గురించి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో పంట నిలకడగా వచ్చాకే రైతులు ఇంత కర్ర కొనగలిగారు, కాబట్టి మీ ఇల్లు ఆ తరవాతిదే కావచ్చు. టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి దిగేది, బర్మా టేకు ఓడల్లో వచ్చేది. మర పెంకు (మీరు బెంగుళూరు పెంకు అంటున్నదే) తయారీని బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ 1860ల్లో మంగుళూరులో మొదలుపెట్టింది. అంతకుముందు మన కుమ్మరులు చేసే గూన పెంకే. మీ వాసాల మీద ఇప్పటి రీపర్లకు (పెంకు ఆనే అడ్డ పట్టీలకు) సంబంధం లేని పాత మేకు బెజ్జాలు దగ్గర దగ్గరగా కనబడితే, మొదట గూన పెంకు ఉండి తరవాత మార్చి ఉండొచ్చు. అంటే కర్ర పెంకు కంటే పాతది. పెంకు వెనక అచ్చులో సంవత్సరం ఉంటే అది చాలాసార్లు ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది, ఇల్లు కట్టినది కాదు.

ప్రశ్న
చాలా ఉపయోగం అండి. అతికాక స్తంభాలకు ఎనామిల్ పెయింటు వేయొచ్చా?

జవాబు 1
వద్దండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత పెయింటు కూడా గీకించండి, నిప్పు పెట్టి కాల్చొద్దు. అవిసె నూనె, టర్పెంటైను సమపాళ్లలో కలిపి మొదటి పూత, రెండు రోజులు ఆరాక ఉత్త నూనె పల్చగా. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, బయట విడివిడిగా ఆరేయండి.