హైరిస్క్ ప్రెగ్నెన్సీ: వైజాగ్‌లో మీరు ఎక్కడ చూపించుకున్నారు, ఏం చూసి ఎంచుకున్నారు?

ఉక్కునగరం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా ఆవిడకి ఇప్పుడు 24వ వారం. రెండో కాన్పు. మొదటిసారి 30 వారాలకే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు చూపించుకుంటున్న నర్సింగ్ హోమ్‌లో, రాత్రి పదకొండింటికి, "ఇక్కడ పిల్లల ఐసీయూ లేదు, తీసుకెళ్లిపోండి" అన్నారు. రెండు చోట్ల బెడ్డు లేదన్నారు. అంబులెన్స్‌లోనే గంటన్నర అయిపోయింది. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు.

ఈసారి గాజువాకలో వేరే డాక్టరమ్మ చూస్తున్నారు. మూడో నెల దాటగానే ఎకోస్ప్రిన్ (తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర) మొదలుపెట్టారు. మొన్న బీపీ 138/88 వచ్చింది. "కాన్పు నా దగ్గర వద్దు, హైరిస్క్ కేసులు చూసేచోట ఇప్పుడే పేరు రాయించుకోండి" అన్నారు. మా అత్తగారేమో "బాగానే ఉంది కదా, నెలలు నిండాక చూద్దాంలే" అంటున్నారు. ప్రైవేటు ఆసుపత్రులుండే ఆరిలోవ హెల్త్ సిటీ వైపు వెళ్లాలా, ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లాలా? మీరెలా తేల్చుకున్నారు?

మర్రిపాలెం అప్ప:
తమ్ముడూ, ముందు ఆ డాక్టరమ్మకి దండం పెట్టు. నా దగ్గర కాదు అని 24 వారాలకే చెప్పేవాళ్లు అరుదు. చాలామంది నొప్పులు వచ్చాక చెప్తారు.

ఎంవీపీ కవలలమ్మ:
నాకు కవలలు, ఇద్దరికీ ఒకటే మాయ. అలాంటప్పుడు ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకి ఎక్కువగా వెళ్లిపోయే ప్రమాదం ఉంటుందని 16వ వారం నుంచి రెండేసి వారాలకు స్కాన్ చేశారు. వెళ్లిన ప్రతిసారీ ఉమ్మనీరు, పిల్లల ఉచ్చసంచులు, డాప్లర్ (రక్తప్రసరణ) చూసేవారు. స్కాన్ చేసిన ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డని చూసే) డాక్టరు వేరు, కాన్పు చేసిన డాక్టరు వేరు. ఇది చాలామందికి తెలీదు. స్కాన్ చేసేవారు ఎంత గొప్పవారైనా అర్ధరాత్రి ఆపరేషన్ థియేటర్‌లో ఉండరు కదా.

అందుకే నేను బోర్డు మీద డిగ్రీలు చూడటం మానేసి రిసెప్షన్‌లో వేరేవి అడిగాను. రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? 28 వారాలకే పుట్టిన పిల్లల్ని మీ ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) పెంచారా, లేక పుట్టాక ఇంకోచోటికి పంపిస్తారా? రక్తం ఇదే బిల్డింగ్‌లో దొరుకుతుందా? ఒకచోట ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి "మేడమ్, డీలక్స్ రూమ్ కావాలా, సెమీ డీలక్సా?" అంది. అక్కడి నుంచి వచ్చేశాం.

29వ వారంలో గర్భాశయ ముఖద్వారం పొట్టిదవుతోందని అడ్మిట్ అవమన్నారు. పిల్లల ఊపిరితిత్తుల కోసం 24 గంటల తేడాతో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేశారు. నాలుగో రోజు కాన్పయింది. ఒకడు 1,150 గ్రాములు, ఇంకొకడు 1,080. పిల్లలకి ఊపిరి బాగా అందిందంటే ఆ ఇంజెక్షన్లకి టైమ్ దొరకడం వల్లేనని పిల్లల డాక్టరు చెప్పారు.

ఎన్‌ఐసీయూలో 41 రోజులున్నాం. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని, గౌను వేసుకుని లోపలికి వెళ్లేదాన్ని. మొదట్లో నా పాలు ట్యూబులో పోసేవారు. 34 వారాలు దాటాక సిస్టర్ ఒక ఉగ్గుగిన్నె తెచ్చి, పెదవి మూలన ఆనించి, చుక్కలు చుక్కలుగా పట్టింది. మా అమ్మమ్మ ఇంట్లో ఉండే వెండి ఉగ్గుగిన్నె లాంటిదే, ఇది స్టీలుది. అంత మెషీన్ల మధ్య దాన్ని చూసి ఏడ్చేశాను. చొక్కా విప్పి గుండె మీద పెట్టుకునే కంగారూ కేర్ మా ఆయనే ఎక్కువ చేశారు. ఇంకోటి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి కంటి రెటీనా పరీక్ష మాత్రం వదలొద్దు. పుట్టిన నెలలోపే మొదటి పరీక్ష చేయించాలి.

"ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు" అని ఎవరైనా అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి. లోపల ఎన్ని రోజులు ఎక్కువుంటే అంత మంచిది, అంతే లెక్క.

పెందుర్తి పెద్దాయన:
భయపెట్టడం కూడా ఎక్కువైందండీ. మా కోడలికి గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూస్తే షుగర్ 146 వచ్చింది. వెంటనే హైరిస్క్ అని ముద్ర వేసి పెద్ద ప్యాకేజీ చెప్పారు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే అన్నం తగ్గించి, తిన్నాక అరగంట నడవమన్నారు. ఇన్సులిన్ లేకుండానే నిండు నెలల్లో పుట్టింది పాప.

రిటైర్డ్ సిస్టరమ్మ:
పెద్దాయనా, మీ మాటలో నిజముంది. 140 దాటితే గర్భంలో వచ్చిన షుగర్ కిందే లెక్క, కానీ చాలామందికి తిండితోనే అదుపులో ఉంటుంది. అదీ ఇదీ ఒకటి కాదు. ఈ బాబు భార్యకి ముందు కాన్పులో గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్, వచ్చింది. అలాంటివాళ్లకి బీపీ మళ్లీ పెరిగే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ.

బాబూ, నేను లేబర్ రూములో ముప్ఫై ఏళ్లు చేశాను. ఇవాళే ఒక బీపీ మెషీన్ కొను. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి వాళ్ల మెషీన్‌తో పోల్చి చూసుకో. పొద్దున, రాత్రి చూడాలి. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్లు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. జాకెట్టు చెయ్యి మీద పట్టీ కట్టొద్దు. రూళ్ల పుస్తకంలో తేదీ వేసి రాయి. 140/90 వస్తే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యి. 160/110 వస్తే ఫోన్ చేస్తూనే బయల్దేరాలి. బీపీ మామూలుగానే ఉన్నా, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ఒక్కసారిగా ముఖం వాచడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు.

"కడుపుతో ఉంటే కాళ్లకి నీరు మామూలే" అని కూర్చుని ఆలస్యంగా వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో. ఇంకో మాట. మీ అత్తగారికి బీపీ ఉంటే ఆవిడ మాత్ర అమ్మాయికి ఇవ్వనీకు. నవ్వకండి, ఇలా జరిగింది. టెల్మిసార్టాన్ లాంటివి కడుపులో బిడ్డ కిడ్నీలని పాడుచేస్తాయి. గర్భిణులకి వాడేవి వేరే ఉన్నాయి, లబెటలాల్ లాంటివి. ఇక్కడ చదివినవాళ్లంతా ఎకోస్ప్రిన్ కూడా సొంతంగా మొదలెట్టకండి. 16 వారాల లోపు, అవసరమున్నవాళ్లకే రాస్తారు.

కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు. అమ్మయ్య అనుకుని కన్నవారింటికి వెళ్లాక వచ్చినవాళ్లున్నారు. ఆ పుస్తకం రాయడం ఆరు వారాల దాకా ఆపొద్దు.

కేజీహెచ్ అంటావా, జనం రద్దీ ఉంటుంది, మంచం పక్కన నిలబడటానికి చోటుండదు. నేను పనిచేసిన చోటని చెప్పడం లేదు గానీ, గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు, రక్తం అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. డబ్బు ఇబ్బంది ఉంటే మొహమాటపడకు. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా స్పెషలిస్టు పరీక్ష ఉంటుంది. హైరిస్క్ అయితే కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తారు. ఆ కార్డు ఎప్పుడూ సంచిలోనే ఉండాలి.

పాడేరు మాస్టారు:
మా వైపు ఘాట్ రోడ్డు, వాన పడితే ఇంకా కష్టం. అందుకే దూరపు గ్రామాల గర్భిణుల్ని నెలలు నిండకముందే వసతి గృహానికి తెచ్చి పెడతారు. మా మరదలికి రక్తం 6.8 గ్రాములు ఉందని తెలిసి, ఏడో నెలలోనే కిందికి దింపేశాం. పెందుర్తిలో చుట్టాలింట్లో ఉంచాం. ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు, కాన్పు రోజుకి పదికి వచ్చింది. "పురుడు ఊళ్లోనే పోసుకోవాలి" అని మా మావయ్య నెల రోజులు మాట్లాడలేదు. కడుపులో ఉన్న బిడ్డని కిందికి దింపడానికి ఒక జీపు చాలు మాస్టారూ, పుట్టిన బిడ్డని దింపాలంటే ఆక్సిజన్, వెచ్చదనం, పక్కన డాక్టరు, ఇన్ని కావాలి అన్నారు డాక్టరు గారు.

మర్రిపాలెం అప్ప:
అన్నట్టు తమ్ముడూ, ఆదివారం పొద్దున్న కాదు, షిఫ్టు వదిలే టైమ్‌లో ఒకసారి ఉక్కునగరం నుంచి ఆరిలోవ దాకా బండి మీద వెళ్లి చూడు. గాజువాక జంక్షన్, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటాలి. కావలిస్తే ఎనిమిదో నెలలో ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకి తీసుకోండి. మేము అదే చేశాం. ఎన్‌ఐసీయూ ఖర్చు కాన్పు ప్యాకేజీలో ఉండదు. మామూలు రోజుకెంత, వెంటిలేటర్ రోజుకెంత అని విడిగా రాయించుకో.

ఉక్కునగరం కుర్రోడు (ఏడు వారాల తర్వాత):
అందరికీ థ్యాంక్స్. కవలలమ్మ గారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మూడు చోట్ల అడిగాను. రెండుచోట్ల విసుక్కున్నారు. మూడోచోట డ్యూటీ డాక్టరు బయటికి వచ్చి ఎన్‌ఐసీయూ అద్దంలోంచి చూపించారు. అక్కడే పేరు రాయించాం. పేరు చెప్పను, ఎవరికి ఏది దగ్గరో వాళ్లు చూసుకోవాలి. గాజువాక డాక్టరమ్మ ఇప్పటికీ రిపోర్టులు చూస్తున్నారు.

27వ వారంలో బీపీ 146/94 వచ్చింది. పుస్తకం ఫొటో తీసి పంపితే అదే రోజు రమ్మని లబెటలాల్ మొదలెట్టారు. రెండు వారాలకోసారి గ్రోత్ స్కాన్, డాప్లర్. బిడ్డ కాస్త చిన్నగా ఉంది, రక్తప్రసరణ బాగుందన్నారు.

మొన్న శనివారం 30 వారాలు నిండాయి. ఆ రాత్రి ఇద్దరమూ నిద్రపోలేదు. పన్నెండింటికోసారి, మూడింటికోసారి తనే లేచి బీపీ చూసుకుంది. తెల్లారాక అత్తగారు మెషీన్ తీసుకుని "ఇక నేను చూస్తాలే, నువ్వు పడుకో" అన్నారు. ఇవాళ 31వ వారం. పొద్దున 132/84. శుక్రవారం స్కాన్ ఉంది.

రిటైర్డ్ సిస్టరమ్మ:
ఆవిడకి పట్టీ కట్టడం సరిగ్గా నేర్పించావా?

ఉక్కునగరం కుర్రోడు:
నేర్పించానమ్మా. ఇప్పుడు ఆవిడ మాట్లాడనివ్వడం లేదు, ఐదు నిమిషాలు మమ్మల్నందరినీ నోరు మూసుకోమంటున్నారు.