కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌గా విండోస్ 7 నడపొచ్చా? ఇరవై ఏళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నాయి

గంటస్తంభం డీటీపీ (ప్రశ్న)

నమస్కారమండీ. విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. 2003లో వేరేవాళ్ల దగ్గర ఆపరేటరుగా చేరి, 2011లో సొంతంగా పెట్టుకున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, పెద్దకర్మ కార్డులు అన్నీ చేస్తాను.

పోయిన వారం పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. అలాంటి బోర్డు ఇప్పుడు దొరకదని రిపేరు చేసే అబ్బాయి చెప్పాడు. హార్డ్‌డిస్క్ మాత్రం బాగుంది. అందులో 32 బిట్ విండోస్ 7, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, అను అనే తెలుగు ఫాంట్లు, 2003 నుంచి నేను చేసిన ఫైళ్లన్నీ ఉన్నాయి.

ఆ ఫైళ్లు లేకపోతే నాకు సగం పని లేనట్టే. నిన్న కొత్తవలస నుంచి ఒకాయన వచ్చారు. 2016లో వాళ్ల పెద్దమ్మాయి శుభలేఖ నేనే చేశాను. "అదే కార్డమ్మా, చిన్నమ్మాయి పేరు, పెళ్లికొడుకు పేరు మార్చండి చాలు" అన్నారు. ఆ కార్డులో మేనమామల పేర్లు, మేనత్తల పేర్లు ఏ వరసలో రావాలో తేల్చుకోవడానికి అప్పట్లో వాళ్లకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడు వాళ్లింట్లో కార్డు ఒక్కటీ మిగల్లేదు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వేసే అన్నదానం కరపత్రాలూ అంతే, పాత ఫైల్లోనే ఏటా దాతల పేర్లు కలుపుకుంటూ పోతాం.

ఇప్పుడు నా దగ్గరున్నది విండోస్ 11 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. పాత డిస్క్‌ని తగిలించి ఒక వర్డ్ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, ఏవో గుర్తులు వచ్చాయి. గుండె జారిపోయింది. మా అబ్బాయి వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే దాంట్లో, విండోస్ 7 పెట్టుకోమన్నాడు. వాడు హాస్టల్లో ఉన్నాడు, పరీక్షలు జరుగుతున్నాయి, ఎక్కువ అడగలేను. ఈ ల్యాప్‌టాప్ తట్టుకుంటుందా? పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించొచ్చా, అంతా కొత్తగా వేసుకోవాలా? మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

కంటోన్మెంట్ ల్యాబ్

అక్కా, మీ మ్యాటర్ ఎక్కడికీ పోలేదు, ముందు ధైర్యంగా ఉండండి. అను ఫాంట్లు యూనికోడ్ (తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే) పద్ధతిలో చేసినవి కావు. తలకట్టు, కొమ్ము, ఒత్తు ఇలా తెలుగును ముక్కలు చేసి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో కింద ఉన్న ఆ కోడ్‌లే కనిపిస్తాయి. ఫాంటు వేయగానే తెలుగు వచ్చేస్తుంది.

మీ ల్యాప్‌టాప్ సరిపోతుంది. 32 బిట్ విండోస్ 7కి కనీసం 1 జీబీ ర్యామ్ కావాలి, మీరు 2 జీబీ ఇవ్వండి. ఎక్కువ ఇస్తే పని వేగంగా అవుతుందనుకుంటారు గానీ, విండోస్ 11కి మిగిలేది తక్కువై రెండూ నత్తనడక నడుస్తాయి. వర్చువల్ మెషీన్ నడపడానికి వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అసలు ప్యాకేజీ షాపులో వాడినా ఉచితమే. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని విడిగా ఒకటి ఉంటుంది, అది మాత్రం వద్దు. వ్యాపారానికి వాడితే దానికి లైసెన్సు కొనాలి, మీ పనికి దాని అవసరమూ లేదు.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. వర్చువలైజేషన్ ఎదురుగా 'ఎనేబుల్డ్' అని ఉంటే బయోస్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) జోలికి వెళ్లక్కర్లేదు. లేకపోతే బయోస్‌లో ఆన్ చేయాలి, ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఉంటుంది. దయచేసి బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ, 48 అంకెలు, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. బయోస్‌లో మార్పు జరిగితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ కీ అడుగుతాయి. మా ల్యాబ్‌కు వచ్చే ఒక స్టూడెంటు ఆ కీ దొరక్క ప్రాజెక్టు మొత్తం పోగొట్టుకున్నాడు. ఆ రోజు వాడి ముఖం చూశాక ఇది అందరికీ చెబుతున్నాను.

నాగావళి ఆఫ్‌సెట్

చెల్లెమ్మా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాదీ ఇదే పని. రెండేళ్లుగా విండోస్ 7 ఇలాగే నడుపుతున్నాను. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టే ఎక్కించొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే డిస్క్2వీహెచ్‌డీ అని చిన్న ఉచిత టూల్ ఉంది. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి దాంతో మొత్తాన్ని ఒకే ఫైలుగా తీయండి. సీ డ్రైవ్ ఒక్కటే టిక్ చేస్తే సరిపోదు, 'సిస్టమ్ రిజర్వ్‌డ్' అని 100 ఎంబీ ముక్క ఉంటుంది, అదీ టిక్ చేయాలి. అది లేకపోతే విండోస్ లేవదు. ఫైలును బయటి హార్డ్‌డిస్క్‌లో సేవ్ చేసుకోండి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో పట్టదు.

ఆ ఫైలును వర్చువల్‌బాక్స్‌లో డిస్క్‌గా పెట్టి నడిపితే నాకు మొదటిసారి నీలం తెర వచ్చి 0ఎక్స్7బీ అని చూపించింది. వర్చువల్‌బాక్స్ స్టోరేజ్ సెట్టింగుల్లో ఆ డిస్క్‌ను సాటా నుంచి తీసి ఐడీఈకి (రెండూ డిస్క్‌ను తగిలించే పద్ధతులే) పెడితే లేచింది. యాక్టివేషన్ మళ్లీ అడుగుతుంది. కంప్యూటర్‌తో కలిపి వచ్చిన లైసెన్సు ఆ కంప్యూటర్‌కే చెల్లుతుంది, విడిగా కొన్న సీడీ అయితే మార్చుకోవచ్చు. మీది ఏదో చూసుకోండి.

విండోస్ 7కి నెట్ ఇవ్వకండి. 2020 జనవరి 14తో మామూలు వాడకందారులకు దాని సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేసి, వర్చువల్‌బాక్స్‌తో వచ్చే గెస్ట్ అడిషన్స్ లోపలి విండోస్‌లో వేసి, ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టుకోండి. ప్రింటర్ కూడా లోపల వేయకండి. లోపల పీడీఎఫ్ చేసి ఆ ఫోల్డర్లో పడేస్తే, విండోస్ 11 నుంచి ప్రింటు తీసుకోవచ్చు.

ఇంకొకటి. 2018లో తిత్లీ తుఫానుకి పలాసలో మా బావమరిది షాపు రేకులు లేచిపోయాయి. కంప్యూటర్లు తడిసి ఒక్క ఫైలూ దక్కలేదు. ఇప్పుడు మీ షాపంతా ఒక్క ఫైల్లో ఉంటుంది కాబట్టి, మెషీన్ ఆపేసి ఆ ఫైలును రెండు డిస్కుల్లోకి కాపీ చేయండి. ఒకటి ఇంట్లో పెట్టండి. స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటికి ఎలా ఉందో వర్చువల్‌బాక్స్ దాచేది) తీశాం కదా అని ఊరుకోవద్దు, డిస్క్ పోతే స్నాప్‌షాటూ దాంతోనే పోతుంది.

గంటస్తంభం డీటీపీ

అన్నయ్యా, తమ్ముడూ, మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నాకూ నీలం తెర వచ్చింది, ఐడీఈకి మార్చగానే పోయింది. నా విండోస్ 7 విడిగా కొన్నదే, బిల్లు కూడా ఉంది. నిన్న రాత్రి పదకొండింటికి నా పాత డెస్క్‌టాప్, దాని మీద అమ్మవారి ఫొటో కొత్త తెర మీద కనబడ్డాయి. ఏడుపొచ్చేసింది.

అయితే మౌస్ కదిపితే కాసేపాగి కదులుతోంది. వర్చువల్‌బాక్స్ విండో కింద మూలన ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంది. ఏమిటది?

కంటోన్మెంట్ ల్యాబ్

అక్కా, విండోస్ 11 తన సొంత వర్చువల్ మెషీన్ ఏర్పాటైన హైపర్-వీ కోసం ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను ముందే తీసేసుకుంది. వర్చువల్‌బాక్స్ దాని మీద ఎక్కి నడుస్తోంది, అందుకే నెమ్మది. తాబేలు చెప్పేది అదే. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్‌లు తీసి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేయాలి. అది రక్షణ కోసం పెట్టినది. ఈ ల్యాప్‌టాప్‌లోనే బ్యాంకు పనులు చేసుకుంటే నేనైతే దాన్ని ముట్టుకోను, కాస్త నెమ్మదైనా సర్దుకుంటాను.

అక్షరాల పిచ్చి

మేడమ్, పాత ఫైళ్లకు ఇది సరైన దారే. కొత్త కార్డులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి, వాట్సాప్‌లో పెట్టినా ఫోన్లో వెతికినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. ఉచిత ఫాంట్లు మంచివి ఉన్నాయి. మీ ఊళ్లో బతికిన గురజాడ పేరుతో, మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు పేరుతో కూడా ఉన్నాయి, చూడండి.

గంటస్తంభం డీటీపీ

ఫీచర్స్‌లో టిక్‌లు తీయగానే తాబేలు పోయింది, మెమరీ ఇంటిగ్రిటీ దాకా వెళ్లలేదు. మౌస్ బాగుంది.

యూనికోడ్ గురించి మీరు చెప్పింది నిజమే సార్. నా వేళ్లకు అనులో ఉండే యాపిల్ అనే కీబోర్డు అమరికే అలవాటు, ఇన్నేళ్లుగా చూడకుండా కొడుతున్నాను. ముహూర్తాల రద్దీలో మార్చుకోలేను. రద్దీ తగ్గాక గురజాడ ఫాంటుతో ఒక పెద్దకర్మ కార్డు చేసి చూస్తాను. దాంట్లో మ్యాటర్ తక్కువ ఉంటుంది కదా.

అన్నయ్యా, ఒక్క సందేహం. కొత్తవలస వాళ్ల కార్డు పీడీఎఫ్‌లో కుడి అంచు రెండు మిల్లీమీటర్లు కోసేసి వస్తోంది. పీడీఎఫ్ ప్రింటర్లో కాగితం సైజు ఏ4 అని ఉంది, నా కార్డు సైజు వేరు. అక్కడ సొంత సైజు ఇచ్చుకోవచ్చా? రేపు పదింటికి ప్రూఫ్ కోసం వస్తారు.

నాగావళి ఆఫ్‌సెట్

ఇవ్వొచ్చు చెల్లెమ్మా. లోపలి విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో కస్టమ్ సైజు పెట్టి, పేజ్‌మేకర్ ప్రింట్ పేపర్‌లో కూడా అదే సైజు ఎంచుకో. ఆ రెండూ ఒకటి కాకపోతేనే అంచు పోతుంది.