జర్మనీ మార్కు కుప్పకూలిన నాటి ప్రభుత్వ బాండ్లు: కొనేముందు ఏం చూడాలి?

పాత_నోట్లు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ నోట్లే సేకరించాను. ఇప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బాండ్ల మీద మనసు పడింది. ఆన్‌లైన్‌లో ఒకాయన "జర్మన్ ప్రభుత్వం ఇప్పటికీ దీనికి బంగారం లెక్కన చెల్లిస్తుంది" అంటూ భారీ రేటు చెబుతున్నాడు. నిజమేనా?

రైన్_తీరం:
అస్సలు నమ్మకండి. మార్కుల్లో ఉన్న ప్రభుత్వ బాండ్ల లెక్క 1925 చట్టంతోనే తేలిపోయింది. ముఖవిలువలో 2.5 శాతానికి కొత్త బాండ్లు ఇచ్చారు. 1920 జూలై 1కి ముందే కొని, అమ్మకుండా ఉంచుకున్నవాళ్లకు మాత్రం డ్రా తీసి దానికి ఐదు రెట్లు, అంటే 12.5 శాతం ఇచ్చారు. 1924 డాస్ రుణం, 1930 యంగ్ రుణం అనే జర్మన్ ప్రభుత్వ అప్పులు వేరే సంగతి. అవి విదేశాల్లో అమ్మినవి, వాటి చివరి వాయిదా 2010 అక్టోబర్ 3న కట్టారు. మోసగాళ్లు ఈ రెండు రకాలనూ కలిపేసి చెబుతారు.

గోదారి_గట్టు:
చరిత్ర కోసమైతే తప్పకుండా కొనండి అన్నా. నా దగ్గర 1000 మార్కుల యుద్ధరుణ బాండ్ ఉంది. వడ్డీ 5 శాతం, ఆర్నెల్లకో 25 మార్కుల కూపన్ (కత్తిరించి ఇచ్చి వడ్డీ తీసుకునే చీటీ). 1922 దాకా కూపన్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి, 1923వి అలాగే మిగిలిపోయాయి. ఆ నవంబర్‌లో డాలర్ 4.2 లక్షల కోట్ల మార్కులు! పాతిక మార్కుల కోసం బ్యాంకు దాకా ఎవరు వెళ్తారు? 1924 అక్టోబర్ 1 వరకు ప్రభుత్వం ఈ అప్పు ముందుగా తీర్చి వడ్డీ ఆపేయదని బాండ్ మీదే హామీ ఉంది. ఆ తేదీ వచ్చేసరికి అసలుకే విలువ లేదు. దేశం మీద నమ్మకంతో దాచుకున్న డబ్బంతా పోగొట్టుకున్న మధ్యతరగతి వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే నేను కూపన్ షీటు లేని బాండ్ తీసుకోను, కథంతా అందులోనే ఉంటుంది.

విశాఖ_సేకర్త:
బాండ్‌కు రంధ్రాలు ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. బెర్లిన్‌లో పాత రైక్స్‌బ్యాంక్ (అప్పటి జర్మనీ కేంద్ర బ్యాంకు) ఖజానాలో దొరికిన లక్షలాది షేర్లు, బాండ్లను 2003 నుంచి వేలం వేశారు. మళ్లీ చెల్లింపు అడగకుండా వాటికి రంధ్రాలు కొట్టి రద్దు చేశారు. రేటు మాట్లాడేటప్పుడు మాత్రం అది గుర్తుంచుకోండి.
ఇంకోటి, మన కోస్తా ఉక్కకు ఆ కాగితం మడతల దగ్గర చిట్లుతుంది. లామినేషన్, సెలోటేపు అసలు వద్దు. పీవీసీ కవర్లు కూడా వద్దు, పాలిస్టర్ కవరులో మడత విప్పి పెట్టండి.

పాత_నోట్లు:
చాలా థాంక్స్ అండీ. ఆయన దగ్గర కొనను. నోట్ల వైపు నుంచి వచ్చేవాడు దేనితో మొదలుపెడితే మంచిది?

రైన్_తీరం:
1923లో డాలర్‌కు ముడిపెట్టి తెచ్చిన బంగారు రుణం చూడండి. 4.20 బంగారు మార్కులు (అంటే యుద్ధానికి ముందు నాటి బంగారం విలువ లెక్కన మార్కులు) ఒక డాలర్. అందులో చిన్న విలువల పత్రాలను జనం అప్పట్లో డబ్బుగానే వాడారు. మీ ఆల్బమ్‌లో నోట్ల పక్కనే పెట్టుకోవచ్చు. కొనేముందు రెండు వైపులా ఫోటోలు ఇక్కడ పెట్టండి, అందరం చూసి చెబుతాం.